గురువారం మసకబారే ఫోటోలు

మా కళాశాల ప్రవేశాల విభాగం సాధించిన ప్రగతిని కీర్తిస్తూ ఈ మధ్య ఒక ప్రత్యేక సంచిక వెలువడింది. దానిని చదివిన కొందరు యువ ఉద్యోగులు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఆ పద్ధతి పెట్టింది మీరే కదా సార్" అని అభినందించారు. సంచిక తిరగవేసి చూశాను. పటాలున్నాయి, పట్టికలున్నాయి, ఆకుపచ్చ రంగు పుష్కలంగా ఉంది. జరిగినది మాత్రం లేదు. కార్యాలయం తన చరిత్రను తానే రాసుకుంటే ఇట్లాగే ఉంటుంది కనుక, అందులో పనిచేసి విరమించిన నేను ఈ నాలుగు పుటలు రాయవలసి వచ్చింది. పేర్లు రాయను. పేర్లు రాస్తే తప్పు ఒకరిద్దరి ఖాతాలో పడిపోయి, తక్కినవారందరూ హాయిగా ఉంటారు. ఆ సౌకర్యం వారికి కల్పించదలచుకోలేదు.

బహదూర్‌పురా దగ్గరి ఒక పి.జి. కళాశాలలో నేను ప్రవేశాల విభాగానికి సూపరింటెండెంటును. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగితే జూలోని నెమళ్ల అరుపులు మా గదిలోకి వినిపించేవి. ప్రవేశాల కాలంలో మాత్రం మా వరండాతో పోటీపడలేక అవి ఊరుకునేవి. దరఖాస్తులు విశ్వవిద్యాలయం వెబ్‌సైటు ద్వారా వచ్చేవి. వాటిని పరిశీలించి, సక్రమంగా ఉన్నవాటిని ఆమోదించడం మా పని. చెప్పడానికి అంతే. చేయడంలో మాత్రం ఎవరి గొంతు పెద్దదైతే వారి దరఖాస్తు ముందు కదిలేది. ఎవరికి గొంతు లేదో వారిది కదిలేది కాదు.

ఈ అరాచకాన్ని సహించలేక నేనొక పని ప్రణాళిక తయారు చేశాను. ఒక బల్ల దగ్గర ధ్రువపత్రాలు, మరొక బల్ల దగ్గర రిజర్వేషన్ పరిశీలన, ఇంకొక చోట సంబంధిత శాఖ ఆమోదం. దరఖాస్తు వచ్చిన క్రమంలోనే కదలాలి తప్ప ముందుకు దూకరాదు. దానికి తోడు వారానికొక నివేదిక: ఎన్ని వచ్చాయి, ఏ బల్ల దగ్గర ఎన్ని ఆగాయి. అంతకుమించి అందులో ఏమీ లేదు. అయినా మొదటి నివేదికే ఒక రహస్యం బయటపెట్టింది. రసాయనశాస్త్ర శాఖ దగ్గర దరఖాస్తులు పేరుకుపోతున్నాయి. ఏమిటా అని విచారిస్తే, ఆ శాఖాధిపతి సంతకాలు సోమవారం మాత్రమే పెడతారని తేలింది. ఎందుకని అడిగితే, అది ఆయన అలవాటని చెప్పారు. ఆయనకంటె పెద్ద ఆచార్యుడి ఎదుట ఆ నివేదికను ఉంచగానే ఆ అలవాటు మాయమైంది. వరండా పలచబడింది. తననెవరూ బతిమాలడం లేదని మా అటెండరు కొంతకాలం దిగులుగా తిరిగాడు.

ఇక్కడే ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

మా ప్రిన్సిపాల్ గారికి నివేదికలంటే ప్రీతి కలిగింది. ఆమె విదుషి, కార్యశీలి. అయితే చూడటానికి చక్కగా ఉన్నది సత్యం కూడా అయి ఉంటుందని నమ్మే స్వభావం ఆమెది. నివేదికకు మెరుగులు దిద్దడానికి ఒక సలహాదారుణ్ణి పిలిపించారు. ఆ యువకుడు వచ్చి, మా పట్టికను చూసి, దానికి రంగులు లేవని విచారించాడు. ఇకపై కళాశాల దగ్గర ఆగిన దరఖాస్తు ఎర్రగానూ, ఆగనిది ఆకుపచ్చగానూ కనిపించాలన్నాడు.

"అభ్యర్థికి లోపం చూపించి వాపసు పంపిన దరఖాస్తు ఏ రంగులో ఉంటుంది?" అని అడిగాను.

"గ్రీన్ సార్. అది మన దగ్గర లేదు కదా. బాల్ ఇప్పుడు వాళ్ల కోర్టులో ఉంది."

ఆ మాట అతడు నాతో చెప్పాడు. విన్నది మాత్రం నా వెనుక నిలబడిన సీనియర్ అసిస్టెంటు. ఫలక్‌నుమాలో పుట్టి పెరిగి, అక్కడి నుంచి రోజూ స్కూటరు మీద వచ్చే ఆ మనిషి ఏ నియమాన్నయినా మొదట దానిలోని కంత వైపు నుంచే చదివేవాడు. ఆ సాయంత్రం నా బల్ల దగ్గరకు వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"సార్, మేడమ్ రిపోర్టు చూసేది శుక్రవారం పొద్దుగాల. ఎర్రగున్నయన్ని గురువారం సాయంత్రం వాపస్ కొడదాం. శనివారం మళ్ల గుంజుకుందాం. నడుమ శుక్రవారం మన ఇల్లు సాఫ్."

"వాపసు పంపడానికి కారణం రాయవద్దా?"

"కారణాలకేం కరువు సార్? కంప్యూటర్ల రెడీమేడ్‌గున్నయ్. అన్నిటికంటె మీదున్నదే కొడదాం. ఫోటో స్పష్టంగా లేదు. ఎవల ఫోటో స్పష్టంగుంటది చెప్పుండ్రి? నా పెండ్లి ఫోటోల నేనే కనబడ."

"ఇది మోసం."

"మోసమేంది సార్, ఎవలి సొమ్మన్న తింటున్నమా? ఒకట్రెండు దినాలు కాగితం అభ్యర్థి కాడ పెడుతున్నం, అంతే. మీరు ఫికర్ చేయకుండ్రి."

నేను ప్రిన్సిపాల్ గారికి లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలియజేశాను. నివేదిక లెక్కించవలసినది దరఖాస్తు ఎవరి బల్ల మీద ఉన్నదని కాదు, అభ్యర్థి తలుపు తట్టి ఎన్నాళ్లయినదని, ఆనాటి నుంచి జవాబు అందేదాకా అని సవినయంగా సూచించాను. ఆ కాగితం "చర్చించగలరు" అన్న ఒక్క మాటతో నా దగ్గరకు తిరిగి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఈ మాట అర్థం తెలియకపోవచ్చు. ఒక విషయాన్ని మళ్లీ ఎవరూ చర్చించకూడదని పై అధికారి నిర్ణయించినప్పుడు ఆ మాట రాస్తారు.

ఆ విధంగా మా కళాశాలలో ప్రతి గురువారం సాయంత్రం అభ్యర్థుల ఫోటోలు సామూహికంగా మసకబారడం మొదలైంది. శనివారానికి వాటికి మళ్లీ స్పష్టత వచ్చేది. శుక్రవారం ఉదయం ప్రిన్సిపాల్ గారి గదిలో తెర మీద పచ్చిక బయలు పరుచుకునేది.

ఇందులో ఇంకొక వినోదం ఉంది. వాపసు వెళ్లి తిరిగి వచ్చిన దరఖాస్తును యంత్రం ఆనాడే వచ్చిన కొత్త దరఖాస్తుగా భావించి, వరుసలో చివరకు నెట్టేది. వచ్చిన క్రమంలోనే కదలాలన్నది నా నియమమే కదా, దానిని యంత్రం తుచ తప్పక పాటించింది. శుక్రవారం వచ్చినవారు ముందుకు పోయేవారు. నెల కిందట వచ్చినవారు వెనుకకు పోయేవారు. నివేదిక ఎంత పచ్చబడితే పని అంత ఆలస్యమయ్యేది.

దీనివల్ల నిజంగా లాభపడినది ఒక్క సంస్థే. మా గేటు పక్కన ఒక చిన్న ఫోటో దుకాణం ఉండేది. సందేశం అందుకున్న అభ్యర్థులు తమ ముఖంలోనే ఏదో లోపమున్నదని నమ్మి అక్కడికి పరుగెత్తేవారు. దుకాణదారు ఒక రోజు నన్ను ఆపి, రెండు చేతులూ గుండెకు ఆనించుకున్నాడు.

"మీ ఆఫీసు దువాతోని దుకాణం మస్తు నడుస్తుంది సాబ్. ఒక్క మాట అడుగుతా, బురా అనుకోవద్దు. గురువారం మీ ఆఫీసుల కరెంటు తక్కువుంటదా? ఫోటోలు అంత చీకటిగ కనబడుతున్నయా మీకు?"

నేను గడియారం చూసుకుని గేటులోకి నడిచాను.

ఆ దుకాణంలో పదే పదే కూర్చున్నవారిలో ఒక అమ్మాయిని నేను గుర్తుపట్టగలిగేవాణ్ణి. ఆమెది ఫలక్‌నుమా. బి.ఎస్సీ. మంచి మార్కులతో పూర్తిచేసి, పెళ్లి చేసుకుని, బిడ్డను పెంచడంలో కొన్నేళ్లు గడిపి, ఇప్పుడు ఎమ్మెస్సీ రసాయనశాస్త్రానికి దరఖాస్తు చేసింది. వెంట ఎప్పుడూ అత్తగారు ఉండేది. ఆమె చార్మినార్ దగ్గర గాజుల దుకాణంలో లక్క గాజులకు అద్దాలు అతికే పని చేసేది. మాట కూడా అదే తీరున, ఎక్కడ అతికిస్తే అక్కడే ఉండిపోయేది.

కొత్త ఫోటో చేతిలో పట్టుకుని వచ్చిన రోజున కోడలు ఇంకా నోరు తెరవకముందే అత్తగారు అందుకుంది.

"ఇదేమన్న పెళ్లిచూపులా సాబ్? ఒక ఫోటో ఇస్తే ఇంకోటి అంటరు, ఇంకోటి ఇస్తే మళ్ల ఇంకోటి. పిల్ల నచ్చకపోతే నచ్చలేదని చెప్పేయుండ్రి. మా కొడుకైతే ఒక్క ఫోటోకే హౌ, చేసుకుంట అన్నడు."

"అమ్మీ, జర ఊరుకో" అని కోడలు, నా వైపు తిరిగి, "సార్, ఈ సీటు ఈ ఏడు రాకపోతే ఇంకెప్పుడో నాకు తెల్వదు. పిల్లగాణ్ణి చూసుకుంటనని అమ్మీ ఒప్పుకుంది" అన్నది.

"ఈ ఏడు నేను ఒప్పుకున్న సాబ్," అన్నది అత్తగారు. "వచ్చే ఏడు నా మోకాళ్లు ఒప్పుకోవు."

ఆమె దరఖాస్తు నేనే స్వయంగా చూశాను. ఒక్క లోపం లేదు. ఆ వారం వరుసలో ముందుకు వచ్చింది కూడా. రెండు రోజుల్లో ఆమోదం పొందవలసినది. అంతలో గురువారం వచ్చింది.

అది మామూలు గురువారం కాదు. తుది విడత పరిశీలనకు ఆ సాయంత్రమే గడువని విశ్వవిద్యాలయం ప్రకటించింది. గడువు ముగిసేసరికి కళాశాల దగ్గర ఉన్న దరఖాస్తులను ఆ తర్వాత కూడా ఆమోదించవచ్చు. అభ్యర్థి దగ్గరకు వాపసు వెళ్లినవి రద్దవుతాయి. అంటే ఎరుపులో ఉన్నవి బతుకుతాయి, ఆకుపచ్చలో ఉన్నవి చస్తాయి. ఆ ఉత్తర్వును కార్యాలయంలో అందరికీ చూపించాము. అందరూ చదివినట్టు సంతకాలు పెట్టారు. మా కార్యాలయంలో సంతకం పెట్టడానికీ చదవడానికీ సంబంధం లేదన్న సంగతి మీకు ముందే చెప్పవలసింది.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు నన్ను విశ్వవిద్యాలయంలో ఒక శిక్షణ తరగతికి పంపారు. దాని విషయం, నిర్ణయాలలో నివేదికల పాత్ర. బయలుదేరే ముందు సీనియర్ అసిస్టెంటును పిలిచి, ఈ రోజు ఒక్క దరఖాస్తు కూడా వాపసు వెళ్లకూడదని చెప్పాను. "హౌ సార్" అన్నాడు. నేను వెళ్లిన తర్వాత ప్రిన్సిపాల్ గారి నుంచి అతడికి పిలుపు వచ్చింది. మర్నాడు ఉదయం తనిఖీ బృందం వస్తున్నది. తెర మీద ఎర్రటి చుక్క ఒక్కటి కూడా కనిపించరాదు. దానికీ అతడు "హౌ మేడమ్" అన్నాడు. ఎవరినీ నొప్పించలేని మనిషి.

శుక్రవారం ఉదయం నేను వచ్చేసరికి వరండా నిండిపోయి ఉంది. సీనియర్ అసిస్టెంటు తన కుర్చీలో కాక గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"సార్, జర లొల్లి అయింది."

"ఏమి లొల్లి?"

"శనివారం గుంజుకుందామనుకున్న సార్. పొద్దుగాల చూస్తే గుంజుకునే బటనే లేదు. మాయమైంది."

"గడువు గురువారంతో ముగుస్తుందని ఉత్తర్వులో ఉన్నది. నీ సంతకం కూడా ఉన్నది."

"సంతకం ఉంది సార్," అన్నాడు దీనంగా. "గదే కదా బాధ."

విశ్వవిద్యాలయానికి ఫోను చేశాను. అక్కడి సెక్షన్ ఆఫీసరు చాలా మర్యాదస్థుడు. మా దరఖాస్తులను పునరుద్ధరించవచ్చునని, అందుకు రెండే మార్గాలున్నాయని వివరించాడు. ఒకటి, కళాశాల తాను పంపిన అభ్యంతరం తప్పని రాసి ఇవ్వడం. రెండు, లోపాన్ని సవరించానని ప్రతి అభ్యర్థీ సంతకం చేసి ఇవ్వడం. సాయంత్రంలోగా ఏదో ఒకటి చేరాలి.

ఈ రెండింటినీ ప్రిన్సిపాల్ గారికి విన్నవించగా ఆమె ముఖం విప్పారింది. "రెండోదే చేయండి. అభ్యర్థులు సవరించుకున్నారు, మనం స్వీకరించాం. ఎవరికీ ఇబ్బంది లేదు కదా" అన్నారు. లేని తప్పును దిద్దుకున్నామని అంతమంది చేత రాయించడంలో ఆమెకు ఇబ్బంది కనిపించలేదు. సీనియర్ అసిస్టెంటు అప్పటికే పత్రాలు అచ్చు తీసి వరండాలో పంచుతున్నాడు. పాపం, పిల్లలు సీటు దక్కితే చాలునని చదవకుండానే సంతకాలు చేస్తున్నారు. అప్పుడే వారు మా కార్యాలయంలో పనిచేయడానికి అర్హత సంపాదించారు.

ఫలక్‌నుమా అమ్మాయి మాత్రం పత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, సంతకం చేయకుండా నా బల్ల మీద పెట్టింది. దాని పక్కనే ఇంతవరకు దిగిన ఫోటోలన్నీ వరుసగా పేర్చింది.

"సార్, వీట్ల ఏది స్పష్టంగ లేదో చూపెట్టండి. దాన్ని దిద్దిన అని రాస్త."

నేను ఆ ఫోటోలను చూశాను. వరుసగా చూస్తే ముఖంలో నవ్వు ఎట్లా తగ్గుతూ వచ్చిందో కూడా స్పష్టంగానే కనిపిస్తున్నది.

"కైకూ జిద్దు బేటా, ఎందుకింత పట్టు?" అన్నది అత్తగారు. ఆ రోజు మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "సంతకం పెట్టెయ్. సీటు పోతే ఏం చేస్తవ్?"

"అమ్మీ, తప్పు నాదని రాసి లోపలికి పోతే, రేపు ఏదన్న అయితే మొదలు నా కాగితమే తీస్తరు. నేను అన్నీ సరిగ్గ పెట్టిన."

అప్పుడే గది ముందు నుంచి వెళుతున్న ప్రిన్సిపాల్ గారు ఆగి సంగతి కనుక్కున్నారు. "అమ్మా, ఒక్క సంతకం. పెద్ద విషయమేం కాదు" అన్నారు అనునయంగా.

"పెద్ద విషయం కాకపోతే మీరే పెట్టండి మేడమ్," అన్నది ఆ అమ్మాయి. పొగరుగా కాదు. నిజంగానే అట్లా చేయవచ్చునేమో అన్నట్టు.

ప్రిన్సిపాల్ గారు కంప్యూటరులో ఉన్న ఫోటో నిజంగానే సరిగా లేదేమో, ఒకసారి తెరిచి చూపించి ఆమెకు నచ్చజెప్పమన్నారు. ఆజ్ఞ చక్కగానే ఉంది. కాని మా విభాగంలో సరిగా పనిచేసే కంప్యూటరు ఒక్కటే. దానిని ఆకుపచ్చ రంగు ప్రదర్శన కోసం ముందు రోజే సెమినార్ హాలుకు తరలించి, గోడ మీది పెద్ద తెరకు కలిపారు. తనిఖీ బృందం టీ తాగడానికి వెళ్లిందని తెలుసుకుని మేమందరం హాలులోకి నడిచాము. మా ఆపరేటరు దరఖాస్తు సంఖ్య కొట్టి, ఫోటో మీద నొక్కింది.

గోడంత ముఖం వచ్చింది. కనుబొమల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. చెవిపోగు మీద స్టూడియో దీపం వెలుగు కూడా తెలుస్తున్నది. దాని పక్కనే ఆకుపచ్చ అక్షరాలలో "ఫోటో స్పష్టంగా లేదు" అని ఉంది.

సీనియర్ అసిస్టెంటు తలుపు వైపు ఒక అడుగు వేశాడు. అంతలో అదే తలుపు తెరుచుకుని తనిఖీ బృందం లోపలికి వచ్చింది. వారిలో అందరికంటె పెద్దాయన, తెల్లగడ్డం ఆచార్యుడొకరు, గోడ వైపు చూసి ఆగిపోయారు.

"ఎవరమ్మా ఈ అమ్మాయి?" అన్నారు.

ప్రిన్సిపాల్ గారికి వెనుకాడే వ్యవధి దొరకలేదు. "మా విద్యార్థిని సార్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ."

అత్తగారు కోడలి భుజం పట్టుకుంది. "సునీ నా, విన్నవా బేటా? మేడమే చెప్పింది. స్టూడెంటంట. అందరు ఇన్నరు కదా సాబ్?" అని చుట్టూ చూసి, పెద్దాయనకు సలాము చేసింది. "మా బహూ సాబ్, మా కోడలు. ఇంత సాఫ్‌గున్నది కదా ఫోటో? మీరు పెద్దోళ్లు, మీరే చెప్పుండ్రి."

ఆయన కళ్లద్దాలు సవరించుకుని ఫోటోనూ, పక్కనున్న అక్షరాలనూ మార్చి మార్చి చూశారు. "ఫోటో బాగానే ఉంది" అన్నారు. "ఆ రాసినదే నాకు అర్థం కావడం లేదు."

క్రమశిక్షణకు అలవాటుపడినవాడు అవకాశం కోసం కాచుకుని కూర్చోడు. వచ్చినప్పుడు మాత్రం కాగితం సిద్ధంగా ఉంచుకుంటాడు. మొదటి మార్గానికి కావలసిన లేఖను నేను ఉదయమే తయారుచేసి ఫైలులో పెట్టుకున్నాను. దానిలో ఒకే వాక్యం: ఈ జాబితాలోని అభ్యర్థులందరి ఫోటోలు స్పష్టంగా ఉన్నవి, కళాశాల తన అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నది. దానిని ప్రిన్సిపాల్ గారి ముందు ఉంచి, కలం మూత తీసి ఇచ్చాను.

"సాంకేతిక పొరపాటు సార్. సరిచేయిస్తున్నాను" అని పెద్దాయనతో చెప్పి ఆమె సంతకం చేశారు. నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను. పదవీ విరమణ దాకా దానిని భరించాను.

ఆ లేఖను విశ్వవిద్యాలయానికి నేనే తీసుకుపోయాను. అక్కడి గుమస్తా సంతకం ఉందా, ముద్ర ఉందా అని మాత్రం చూసి స్వీకరించాడు. వాక్యం చదవలేదు. దరఖాస్తులన్నీ బతికాయి. ఆ అమ్మాయి అదే నెలలో తరగతిలో కూర్చుంది. ఆ తర్వాత ఎమ్మెస్సీ పూర్తిచేసింది. అత్తగారి మోకాళ్లు కూడా, వినికిడిని బట్టి, ఒప్పుకుంటూనే వచ్చాయట.

న్యాయం జరిగిందని మీరు సంతోషించే ముందు తర్వాతి నివేదిక సంగతి చెప్పాలి. ఆ దరఖాస్తులను ఏ గడిలో వేయాలో యంత్రానికి తెలియలేదు. ఉపసంహరించుకున్న అభ్యంతరాలకు దానిలో చోటు లేదు. తమ పనిని తాము తప్పు అనుకునే కార్యాలయం ఉంటుందని దానిని తయారుచేసినవారు ఊహించలేదు. అందుచేత అది వాటినన్నిటినీ "సవరించిన లోపాలు" కింద వేసింది. మునుపెన్నడూ లేనంత పొడవైన ఆకుపచ్చ గీత లేచింది. పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మొదట నేను చెప్పిన సంచికలో అచ్చయినది ఆ గీతే.

"చూసిండ్రా సార్," అన్నాడు సీనియర్ అసిస్టెంటు, "లేని తప్పుల్ని మనంత జల్దీ దిద్దినోళ్లు ఇంకెవలు లేరంట."

ఆ తర్వాత నా పాత సూచనను ప్రిన్సిపాల్ గారు అంగీకరించారు. అభ్యర్థి తలుపు తట్టిన నాటి నుంచి జవాబు అందేదాకా లెక్కించే నివేదిక మొదలైంది. ఒకే షరతు: దానికి రంగులు వేయకూడదు, తెర మీద చూపకూడదు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. దానిని ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ అడగలేదు. కనుక దానిని మోసగించవలసిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. నేను విరమించేదాకా అది చక్కగా పనిచేసింది. గేటు పక్కన ఫోటో దుకాణం మాత్రం కొంత డీలా పడింది. దాని అద్దాల బీరువాలో ఆ అమ్మాయి ఫోటోను నమూనాగా చాలాకాలం ఉంచారు. అందులో ఆమె నవ్వడం లేదు.

ఇక చదువరులకు ఒక విన్నపం. ఇది కేవలం జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది. మాటల్లోనో, వరుసలోనో, విశ్వవిద్యాలయ నియమాల వివరణలోనో నేను పొరబడి ఉండవచ్చు. తెలిసినవారు దయచేసి దిద్ది పంపండి, సంతోషంగా స్వీకరిస్తాను. అయితే ఏ వాక్యంలో తప్పున్నదో వేలు పెట్టి చూపించండి. గురువారం పంపినా సరే, ఉన్న తప్పునే పంపండి.